డాక్టరుగారు పరీక్ష ప్యాసయ్యారు

"ఏమండీ, డాక్టరయ్యాక కూడా పరీక్షలేమిటండీ?" అని అడిగింది మా ఆవిడ.

ఆదివారం పొద్దున్న. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోను ముక్కుకు ఆనించుకుని నేను పడుతున్న అవస్థ చూసి అడిగిందా మాట. నేను బదులు చెప్పలేదు. గాంభీర్యం కొద్దీ కాదు. తెర మీద ఉన్న ప్రశ్నకు కింద ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఏది సరైనదో నాకు తేలలేదు.

ఈ శీర్షికలో ఇంతకాలమూ మీ జబ్బుల సంగతి రాస్తూ వచ్చాను. దగ్గు, దురద, చక్కెర, రక్తపోటు, పిల్లల నులిపురుగులు అన్నీ అయినాయి. ఈ వారం డాక్టర్ల జబ్బు ఒకటి చెబుతాను. దాని పేరు చదువు మానడం. నాకూ ఉన్నది. ఈ జబ్బులో ఒక విశేషం ఏమిటంటే, ఉన్నవాడికి నొప్పి తెలియదు. నొప్పంతా అతని రోగికి.

నేను పనిచేసేది గోదావరి వైపు ఒక పల్లెటూరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో. మైదాన ప్రాంతంలో 30 వేల మందికీ, కొండ ప్రాంతంలో 20 వేల మందికీ ఒకటి చొప్పున ఇటువంటి కేంద్రాలు ఉండాలని ప్రభుత్వం వారి లెక్క. ఆ 30 వేల మందిలో ఎవరికి ఏ జబ్బు వచ్చినా ముందు మా గుమ్మమే ఎక్కుతారు. కంటికి వేరే డాక్టరు, చెవికి వేరే డాక్టరు అనే భాగ్యం ఇక్కడ లేదు. అన్నింటికీ నేనే.

నేను ఎం.బి.బి.ఎస్. ప్యాసైంది 1992లో. అప్పట్లో కుక్క కరిచినవాడికి బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు పొడిచేవాళ్లం. 1911లో కసౌలీలో సెంపుల్ అనే దొర తయారుచేసిన టీకా అది. గొర్రె మెదడులోంచి తీసేవారు. మన దేశంలో దానికి స్వస్తి చెప్పింది 2004 చివర. ఇప్పుడు జబ్బ చర్మంలో దోమ కుట్టినంత బుడిపె లేచేలా చిన్న సూదితో వేస్తున్నాం. క్షయ మందు రోజూ మింగాలని మేము చదివాం. తరువాత వారానికి 3 రోజులు చాలునన్నారు. 2017లో మళ్లీ రోజూ మింగాలన్నారు. పిల్లలకు విరేచనాలైతే ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లతోపాటు 10 నుంచి 14 రోజులు జింకు కూడా ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2004లో చెప్పాయి. మా పాఠాల్లో ఆ మాట లేదు. పాము కరిస్తే పైన తాడు బిగించి కట్టాలని చిన్నప్పటినుంచీ విన్నాం. కట్టవద్దని ఇప్పుడు చెబుతున్నాం.

అంటే గోడ మీద నా డిగ్రీ అలాగే మెరుస్తున్నది గాని, దాని వెనక ఉన్న చదువు ఏటేటా కొంచెం కొంచెం చెల్లకుండా పోతున్నదన్నమాట.

అందుకే డాక్టరన్నవాడు 5 ఏళ్లకు 30 గంటలైనా కొత్త చదువు చదవాలని 2002లో వైద్యమండలి చేసిన నియమావళిలో రాశారు. ఇదివరకు ఆ చదువు పట్నంలో పెద్ద హోటల్లో జరిగేది. పొద్దున్న ఉపన్యాసం, మధ్యాహ్నం భోజనం, వచ్చేటప్పుడు చేతికొక సంచీ. ఖర్చు చాలాసార్లు మందుల కంపెనీలది. ఉపన్యాసంలో సగం నిద్రలో పోయేది. కాని టీ తాగే దగ్గర పాత స్నేహితులు కలిసేవారు. "ఒరేయ్, నా దగ్గర ఇలాంటి కేసొకటి ఉందిరా" అని అడిగితే రెండు నిమిషాల్లో తేల్చేసేవారు. నిజం చెప్పాలంటే నేను నేర్చుకున్నదంతా ఆ టీ దగ్గరే.

కరోనా వచ్చిన 2020 నుంచీ పాఠాలు జోరుగా ఫోనులోకి వచ్చేశాయి. టీ మాత్రం రాలేదు.

మొదట్లో నేనూ ఉత్సాహంగానే మొదలుపెట్టాను సుమండీ. "మీకు వీలైనప్పుడు, ఎక్కడనుంచైనా చదువుకోండి" అన్నారు. వినడానికి ఎంత హాయిగా ఉంది! కాని వీలైనప్పుడు చేద్దామనుకున్న పని ఎప్పటికీ కాదని మీ అటక మీది పాత పెట్టె అడిగితే చెబుతుంది. పొద్దున్నే మొదలుపెడితే 80 మందిని చూసేటప్పటికి మధ్యాహ్నం దాటుతుంది. తరువాత రిజిస్టర్లు నింపాలి. రిజిస్టరులో రాసిందే మళ్లీ ఫోనులో ఎక్కించాలి. ఒకరోజు టీకాలు, ఒకరోజు సమావేశం, ఒకరోజు తనిఖీ. ఇంటికి వెళ్లి కూర్చుంటే, "డాక్టరుగారున్నారాండీ" అని వీధి గుమ్మంలో కేక. పాఠానికి గంట కావాలి. ఆ గంట నాకు ఎవరూ ఇవ్వలేదు. నా నిద్రలోంచి తీసుకోమన్నారు. అంతే.

ఇక ఎక్కడనుంచైనా అన్న మాట. మా కేంద్రంలో సిగ్నలు దొరికేది నీళ్లట్యాంకు మెట్ల మీద, అదీ ఆరో మెట్టు మీద. అక్కడ గొడుగు వేసుకుని కూర్చుని గుండెజబ్బుల పాఠం విన్నాను. విన్నంత సేపూ చెప్పే ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోతూ వచ్చాడు.

ఆయన చెప్పిందైనా నాకు పనికివచ్చేదా అంటే అదీ లేదు. ఆయన పెద్ద ఆస్పత్రిలో పెద్ద డాక్టరు. "వెంటనే ఎం.ఆర్.ఐ. తీయించండి" అంటాడు. నా దగ్గర ఉన్నది బి.పి. చూసే మిషను ఒకటి. ఇంగ్లీషులో ధారాళంగా సాగిపోతాడు. నా రోగులేమో "ఒళ్లంతా సలుపు బాబూ", "కడుపులో దేవినట్టుంది", "గుండెలో ఒకటే దడ" అంటారు. ఈ సలుపుకూ ఆయన ఇంగ్లీషుకూ మధ్య వంతెన కట్టుకోవలసింది నేనే. అడుగుదామంటే ఆయన ఎన్నడో మాట్లాడి రికార్డు చేసి పెట్టి వెళ్లిపోయాడు. నేను ట్యాంకు మెట్ల మీద చెయ్యెత్తితే ఎవరికి కనబడుతుంది?

కాబట్టి కొన్నాళ్లకు నేనూ తెలివి నేర్చాను.

మా అమ్మాయి బి.కాం. చదువుతున్నది. పాఠం నడుస్తున్న ఫోను దాని చేతికిచ్చి నేను రోగులను చూసుకునేవాణ్ని. పాఠం చివర పది ప్రశ్నలుంటాయి. జవాబు తప్పయితే మళ్లీ ప్రయత్నించండి అంటుంది ఫోను. నాలుగింటిలో ఒకటి కాకపోతే ఇంకొకటి. కుక్కకాటు పాఠంలో మా అమ్మాయికి నూటికి నూరు వచ్చాయి. "నాన్నా, నువ్వు ఫస్టుక్లాసులో ప్యాసయ్యావు" అని సర్టిఫికెట్టు చూపించింది. పేరు నాదే. మా ఆవిడ మిఠాయి కూడా తెచ్చిపెట్టింది.

ఆ పాఠం నేను ఒక్క ముక్క వినలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. అంతకు ముందు సంవత్సరం ఒక పెద్దమనిషి భార్యను తీసుకువచ్చారు. ఆవిడకు మూత్రపిండాల బలహీనత ఉన్నది. అటువంటివారికి ఒక మందు ఇవ్వవచ్చునో లేదో నాకు సందేహం కలిగి, వారి ఎదుటనే ఫోను తీసి చూశాను. మరునాడు ఆయన కిళ్లీకొట్టు దగ్గర అన్నారట: "ఫోను చూసి మందు రాసే డాక్టరు ఎందుకండీ, ఫోను మన దగ్గరా ఉందిగా!" ఆ మాట నా చెవిన పడేసరికి తల కొట్టేసినట్టయింది. ఆనాటినుంచీ ఏదైనా చూసుకోవలసి వస్తే చేతులు కడుక్కునే మిషమీద లోపలి గదిలోకి వెళ్లి చూసేవాణ్ని. తరువాత అదీ మానేశాను. తెలిసినట్టు కూర్చోవడం అలవాటైంది. తెలిసినట్టు కూర్చోవడంలో సుఖం ఉందండీ, పట్టుబడనంతకాలమూ.

ఒకరోజు నేనూ పట్టుబడ్డాను.

ఒక మామ్మ, ఆరేళ్ల మనవణ్ని చెయ్యి పట్టుకుని తీసుకువచ్చింది. పెళ్లికని వేరే ఊరు వెళితే అక్కడ వీధికుక్క వాడి మణికట్టు దగ్గర కరిచింది. రెండు పళ్లు దిగి రక్తం వచ్చింది. కుక్క మళ్లీ ఎవరికీ కనబడలేదు. అక్కడెక్కడో మొదటి డోసు టీకా వేయించి, మూడో రోజు రెండో డోసుకు నా దగ్గరికి వచ్చారు. నేను చీటీ చూశాను, రెండో డోసు రాశాను, సిస్టరును పిలిచాను.

మా సిస్టరు కొత్తగా వచ్చిన పిల్ల. నెమ్మదస్తురాలు. చీటీ చూసి, సూది తీయకుండా, "సార్, రక్తం వచ్చిన గాయం గదా, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చినట్టు ఇందులో రాయలేదు" అన్నది.

ఇది ఏమిటో మీకు చెప్పాలి. టీకా వేస్తే శరీరం విషక్రిమితో పోరాడే సరంజామా తయారుచేసుకుంటుంది. దానికి కొన్ని రోజులు పడుతుంది. గాయం లోతుగా ఉండి రక్తం వచ్చినప్పుడు ఆ కొన్ని రోజులు కాచుకోవడానికి, సిద్ధంగా ఉన్న సరంజామాను నేరుగా గాయంలోనూ, దాని చుట్టూ ఎక్కిస్తారు. అదే ఇమ్యునోగ్లోబ్యులిన్. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికి బయటపడేవాళ్లు దాదాపు లేరు. కాబట్టి చేయవలసిందంతా ముందే చేయాలి.

"అది మొదటి రోజే ఇవ్వాలమ్మా. మూడు రోజులు దాటింది. ఇంక లాభం లేదు" అన్నాను.

సిస్టరు తల వంచుకుని, "మొదటి డోసు వేసిన 7 రోజుల లోపు అయితే ఇవ్వవచ్చని మొన్నటి పాఠంలో చెప్పారు సార్. మీరు కూడా ఆ పాఠం చేశారుగా" అన్నది.

వెటకారం కాదు. నిజంగానే నేను విన్నాననుకున్నది ఆ పిల్ల. నా సర్టిఫికెట్టు ఆఫీసు గోడకు అంటించి ఉన్నది. దాని కిందనే నిలబడి అడిగింది.

నాకు ముందు కోపం వచ్చింది. దాచడమెందుకు? గదిలో పదిమంది ఉన్నారు. "నాకు తెలుసులే" అందామని నోటిదాకా వచ్చింది. ఇంతలో కుర్రాడు కట్టు కట్టిన చెయ్యి ఎత్తి నా బల్ల మీది స్టెతస్కోపు పట్టుకోబోయాడు. ఆ చెయ్యి చూసి నా నోట మాట ఆగింది.

ట్యాంకు మెట్లెక్కాను. ఆరో మెట్టు మీద నిలబడి, నేను నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న పాఠం జీవితంలో మొదటిసారి విన్నాను. సిస్టరు చెప్పింది అక్షరాలా నిజం. మొదటి డోసు నాడు ఇవ్వలేకపోతే 7 రోజుల లోపు ఇవ్వవచ్చు. ఆ తరువాత శరీరం సొంతంగా తయారుచేసుకోవడం మొదలుపెడుతుంది గనుక అవసరముండదు. గాయానికి పట్టినంత పట్టించాక మిగిలినదాన్ని తుంటికి పొడవనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పిందట. అదీ నాకు తెలియదు.

దిగివచ్చి, "మామ్మా, రెండో డోసు ఇప్పుడే వేస్తాం. వెంటనే వీణ్ని పెద్దాసుపత్రికి తీసుకువెళ్లు. ఇంకొక మందు గాయంలో వేయించాలి. అది మా దగ్గర లేదు. నేను ఫోను చేసి చెబుతాను" అన్నాను.

మామ్మ నా మొహం వంక చూసింది. "ఇందాక లాభం లేదన్నారు గదా బాబూ?"

పదిమందీ వింటున్నారు. కిళ్లీకొట్టు పెద్దమనిషి తమ్ముడు కూడా అందులో ఉన్నాడు.

"ఇందాక తప్పు చెప్పాను మామ్మా. ఇప్పుడు చూసుకుని వచ్చి చెబుతున్నాను" అన్నాను.

ఆ ముసలిది ఒక క్షణం ఆలోచించింది. "చూసుకున్నారుగా. అయితే పదరా" అని మనవడి చెయ్యి పట్టుకుని లేచింది. మధ్యాహ్నానికల్లా పెద్దాసుపత్రిలో మందు వేశారు. 7వ రోజు, 28వ రోజు డోసులకు ఇద్దరూ తప్పకుండా వచ్చారు. కుర్రాడు ఇప్పుడు బడికి పోతూ మా కేంద్రం గోడ మీదుగా దూకుతుంటాడు. సిస్టరు ఆ మాట అడగకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించను. రాత్రిళ్లు అదే ఆలోచనకు వస్తుంది.

ఈ సందర్భంలో మీరూ ఒక మాట గుర్తుంచుకోండి. కుక్క కరిచినా, గీరినా ముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఫోను చదువు చదువే కాదని మా వాళ్లలో కొందరంటారు. అది సరికాదు. అటువంటి పరిశోధనలు 200కు పైగా ఒకచోట చేర్చి చూసి, ఇంటర్నెట్ పాఠం వల్ల వచ్చే చదువు తరగతి గదిలో వచ్చేదానికి సుమారుగా సమానమేనని 2008లో అమెరికా వైద్య సంఘం వారి పత్రిక జామాలో వేశారు. మా సిస్టరు కూడా అదే ఫోనులో, అదే ట్యాంకు మెట్ల మీద కూర్చుని నేర్చుకున్నది. కాబట్టి తప్పు యంత్రానిది కాదు. వయసుదని తప్పించుకుందామా అంటే, వాట్సాపులో మనవల ఫోటోలు చూడడానికి నా వయసువాళ్లెవరికీ అడ్డు రావడంలేదు.

అమెరికాలో న్యూమెక్సికో అనే రాష్ట్రంలో సంజీవ్ అరోరా అని మన దేశంలో పుట్టిన కాలేయ వైద్యుడున్నారు. హెపటైటిస్ సి అనే జబ్బుకు ఆయన దగ్గర చూపించుకోవాలంటే రోగులు నెలల తరబడి ఆగవలసి వచ్చేది. 2003లో ఆయన ఒక ఏర్పాటు చేశారు. పల్లెల్లో ఉన్న డాక్టర్లు వారానికొకసారి తెర ముందు కూర్చుని, తమ తమ రోగుల సంగతి ఒక్కొక్కటే చెబుతారు. పట్నంలోని నిపుణులూ, తక్కిన పల్లె డాక్టర్లూ కలిసి ఆలోచన చెబుతారు. 407 మంది రోగులను పోల్చి చూసి 2011లో ఫలితాలు ప్రచురించారు. పెద్దాసుపత్రి క్లినిక్కులో నూటికి 57.5 మందికి జబ్బు నయమైతే, పల్లె డాక్టర్ల చేతిమీద 58.2 మందికి నయమైంది. ఆ పద్ధతి ఇప్పుడు మన దేశానికీ వచ్చింది.

అందులో కిటుకు ఏమిటి? గంట ముందే కేటాయించి ఉన్నది. చెప్పుకునేది సొంత రోగి సంగతి. అడిగితే బదులు చెప్పే మనిషి ఉన్నాడు. నా టీ కప్పు దొరికింది అక్కడ! నాకు ఇచ్చిన పాఠంలో ఈ మూడూ లేవు. ఉన్నది సర్టిఫికెట్టు ఒక్కటే. ఏది లెక్కపెడితే అదే పెరుగుతుంది. సర్టిఫికెట్లు లెక్కపెట్టారు, నాకు సర్టిఫికెట్లే వచ్చాయి.

అంతమాత్రాన నా దొంగతనం దొరతనం కాదు. గంట ఇవ్వలేదన్న ఫిర్యాదు న్యాయమే. కాని వినని పాఠానికి విన్నానని సంతకం పెట్టింది నేను. అందుకని ఆ సర్టిఫికెట్టు గోడమీంచి తీసేశాను. చుట్టుపక్కల కేంద్రాల డాక్టర్లు ముగ్గురూ, నేనూ మాట్లాడుకుని, గురువారం మూడింటినుంచి నాలుగింటిదాకా ఒక ఏర్పాటు చేసుకున్నాం. అరగంట పాఠం, అరగంట మా సొంత కేసులు. ఫోను అందరికీ వినబడేటట్టు మధ్యలో పెడతాం. సిస్టరు కూడా కూర్చుంటుంది. అందరికంటె ఎక్కువ ప్రశ్నలు అడిగేది ఆ పిల్లే. సిగ్నలుకోసం ఆ గంటసేపు మకాం ట్యాంకు నీడలోకి మార్చాం.

మీతో ఒక మనవి. మీ డాక్టరు మీ ఎదుట పుస్తకమో ఫోనో తెరిచి, "ఉండండి, చూసి చెబుతాను" అంటే చులకన చేయకండి. ఆ మాట అనడానికి అతను ఎంత సిగ్గు దిగమింగాడో మీకు తెలియదు. మనం కోర్టులో ప్లీడరు పుస్తకం తిరగేస్తే మెచ్చుకుంటాం. పంచాంగం చూడకుండా ముహూర్తం పెట్టే పురోహితుణ్ని నమ్మం. డాక్టరు మాత్రం నాడి పట్టుకుని కళ్లు మూసుకుని చెప్పెయ్యాలంటాం. అలా చెప్పేవాళ్లే మనకు ఇష్టమైతే, అలా చెప్పేవాళ్లే మనకు మిగులుతారు. వచ్చినప్పుడు, "ఈ మధ్య దీని గురించి కొత్తగా ఏమైనా చెప్పారా డాక్టరుగారూ?" అని ఒకసారి అడిగి చూడండి. ఏ మండలి వారి నియమమూ మమ్మల్ని అంతగా చదివించదు.

మొదటి గురువారం కేంద్రం తలుపుకు ఒక అట్ట కట్టించాను. "3 నుంచి 4 వరకు డాక్టరు చదువుకుంటున్నారు. అవసరమైతే తలుపు తట్టండి" అని. పది నిమిషాలకొకసారి తడుతూనే ఉన్నారు. వారిలో మన మామ్మ కూడా ఒకర్తె. జబ్బేమీ లేదు, ఊరికే వచ్చింది. అట్ట మీద ఏం రాశారో మనవడిచేత చదివించుకుని, తలుపు సందులోంచి తొంగి చూసి అన్నది:

"ఇంకా చదువుతున్నారా బాబూ? ఇంతకీ ఎప్పటికి ప్యాసవుతారు?"